నలభై రెండో పేజీ

సిలబస్‌లో ఈ పాఠానికి రెండు పీరియడ్లు.
నీటి నిర్వహణ, ప్రకృతి చూపే దారులు:
నలభై రెండో పేజీ, నీలి డబ్బాలో నాలుగు వాక్యాలు.
చదివాను. పిల్లలు స్కేలు పెట్టి కింద గీత గీశారు.
ఇంకిపోయింది అనుకున్నాను.

ఆ రాత్రి వాన.
పొద్దున బడి గేటు దగ్గర మోకాలి లోతు.
మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు బెంచీలెక్కి కూర్చున్నాయి,
మా ఎనిమిది-బి కంటే బుద్ధిగా.

"మేడమ్, నీళ్లు ఎటు పోవాలనుకుంటున్నయి?"
అంది తహూరా.
ఎటు పోతున్నాయని అడిగితే చెప్పేదాన్నే.
పుస్తకాలు మూయించాను.

ఎదురుగా వడ్రంగి దుకాణంలో
రంపపు పొట్టు అడిగి తెచ్చి గేటు దగ్గర చల్లాం.
వెనకాలే నడిచాం, చెప్పులు చేత పట్టుకుని.
జిరాక్స్ షాపు దాటింది,
ఫంక్షన్ హాల్ పార్కింగ్ దాటింది,
ఓ ప్రహరీ గోడ దగ్గర ఆగి గిరగిరా తిరిగింది,
తాళం మార్చిన సొంతింటి ముందు మనిషిలాగా.
గోడకి అటుపక్క తుమ్మలకుంట.
గుర్రపుడెక్క, థర్మోకోల్,
నిరుటి నిమజ్జనం ఇనుప చువ్వలు.

అక్కడే, ఆ గోడ నీడన, హాజరు తీశాను.
నల్లకుంట?
"ఆబ్సెంట్ మేడమ్."
మాసాబ్ ట్యాంక్?
"ఆబ్సెంట్. బదులు ఫ్లైఓవర్ వచ్చింది."
తలాబ్‌కట్ట?
"కట్ట ఒక్కటే వచ్చింది మేడమ్. తలాబ్ రాలేదు."
పడీపడీ నవ్వారు.
తర్వాత కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

రోల్ నంబర్ ఇరవై ఆరు, నీరడి రుత్విక్.
ఇంటిపేరుకు అర్థమేంటంటే తెల్లముఖం వేశాడు.
మర్నాడు తాతనే వెంటబెట్టుకొచ్చాడు.
సాయిలు తాత, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్.
"మా నాయిన తూము ఎత్తేటోడు, నేను మోటర్ ఏస్త.
పని అదే బిడ్డా.
నీళ్లే కిందికి దిగినయ్."
కర్రతో బురదలో గీశాడు: ఇది కట్ట, ఇది అలుగు,
ఇగో ఇక్కడ మీ సైన్స్ ల్యాబు.
"గడ్డి ఉంటె నీళ్లు నిలబడి నాలుగు మాటలు మాట్లాడ్తయ్.
సిమెంటు మీద ఎవలతోని మాట్లాడ్తయ్?"

హెడ్‌మాస్టరు అర్జీ మీద 'చూద్దాం' అని రాశారు.
మేం దాన్ని 'సరే' అని చదువుకున్నాం.
గేటు పక్క రెండడుగుల సిమెంటు పగలగొట్టాం,
కంకర పోశాం, వట్టివేరు నాటాం, మెట్టతామర నాటాం.
ఖాళీ వాటర్ బాటిళ్లు వెదురు చట్రానికి కట్టి
జమ్ము మొక్కలతో కుంటలోకి తోశాం.
మొదటిది మునిగింది.
రెండోది ఒక పక్కకి ఒరిగి
ఇప్పటికీ అలాగే తేలుతోంది, మీదొక కొంగ.

ఇంకొకటి చెప్పాలి.
కుంట పాత హద్దుల మ్యాపు గోడకి అంటించిన రోజు
వినీల నీలిగీత లోపల వేలు పెట్టింది.
"మా ఇల్లు ఇక్కడ. మేం కుంటను దొంగతనం చేసినమా మేడమ్?"
వాళ్ల నాన్న సెంట్రింగ్ మేస్త్రీ.
పుస్తెలమ్మి కొన్న అరవై గజాలు, స్టాంపు కాగితాలతో సహా.
అమ్మినవాడి పేరు ఏ మ్యాపులోనూ లేదు.
ఏదో చెప్పాను, గంట కొట్టారు.
ఆ రాత్రి ఫోన్‌లో ఆ మ్యాపు తెరిచి
నేను ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టాల్సిన ఫ్లాటు ఎక్కడుందో
ఒక్కదాన్నే వెతుక్కున్నాను.
వినీలకి ఇంకా చెప్పలేదు.

మళ్లీ వాన పడింది.
గేటు దగ్గర నీళ్లు నిలిచాయి, నిలవలేదని అబద్ధం చెప్పను.
పోయినసారి మూడో పీరియడ్ దాకా,
ఈసారి ప్రార్థన అయ్యేలోపు తీశాయి.
రుత్విక్ గోడ మీద బొగ్గుతో రెండు గీతలు గీసి తేదీలేశాడు.

అర్ధసంవత్సర పరీక్ష.
'నీటి నిర్వహణ పద్ధతులు ఏవేని నాలుగు రాయుము. నాలుగు మార్కులు.'
తహూరా ఒక్కటే రాసింది:
నీళ్లు ఎటు పోవాలనుకుంటున్నాయో
ముందు వాటిని అడగాలి.

ఎర్రపెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను.
మిగతా పేపర్లన్నీ దిద్దేశాను.